నవ్వులాయనకు మాటలు

ఫిబ్రవరి 12

నవ్వులాయన ఈ రోజు ఆసుపత్రిలో నా స్పీచ్ థెరపీ గదిలోకి వచ్చాడు. చక్రాల కుర్చీలో వచ్చాడు.

మొదట గుర్తుపట్టలేదు. ఫైలు మీద ఏదో పేరుంది. ఆ పేరు మాకెప్పుడూ తెలియదు. క్యూలో నిలబడే ఆడవాళ్లందరూ కలిసి పెట్టుకున్న పేరే తెలుసు. పట్టుకుపోయినవాళ్ల ఆచూకీ అడిగే ఆ భవనంలో విచారణ కిటికీని కావాలనే కిందికి కట్టారు. నడుం వంచితే తప్ప లోపలి మనిషి కనపడడు. అమ్మా, వదినా, నేనూ వంతులవారీగా వంగి అన్నయ్య పేరు చెప్పేవాళ్లం. లోపల కూర్చున్నాయన తలెత్తి, చక్కగా నవ్వి, "ఆ పేరుతో ఎవరూ లేరు" అనేవాడు. ఆ నవ్వు చెరగకుండానే "తర్వాత" అనేవాడు. వెనకున్నావిడ వంగేది.

ఇప్పుడు ఆ మొహంలో కుడి సగం జారిపోయింది. ఎడమ సగమే నవ్వుతుంది. దాన్ని చూసి గుర్తుపట్టాను.

"మీ పేరు చెప్పండి" అన్నాను. వచ్చిన ప్రతి రోగినీ నేనడిగే మొదటి ప్రశ్న అదే. ఆయన నోరు తెరిచి చాలాసేపు గింజుకున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి.

"ఎవరూ లేరు" అన్నాడు.

నా చేతిలో పెన్ను కింద పడింది. పక్కనే ఉన్న ఆయన భార్య వంగి తీసిచ్చింది. "చూశావా తల్లీ, ఏం అడిగినా ఇదే. మంచినీళ్లకీ ఇదే, బాత్రూముకీ ఇదే. ఇంటినిండా మనుషులం ఉన్నాం, ఎవరూ లేరంటారేమిటో" అని కళ్లు తుడుచుకుంది.

స్ట్రోక్ వచ్చినవాళ్లలో కొందరికి ఇలా ఒక్క ముక్క మిగులుతుంది. మిగతా భాషంతా కొట్టుకుపోయినా అది మాత్రం నోటికి అంటుకుని ఉంటుంది. నా దగ్గరికొచ్చిన ఒక ముసలావిడకు "అయ్యో" మిగిలింది. ఒక డ్రిల్లు మాస్టారికి బూతు మిగిలింది, పాపం ఆయన భార్యకు కూడా అదే సమాధానం. వీడికి ఇది మిగిలింది.

ఎవరికీ చెప్పుకోలేను కాబట్టి రాస్తున్నాను.

ఫిబ్రవరి 13

అమ్మకు చెప్పేశాను. చెప్పకూడదనే అనుకున్నాను.

కూరలు తరుగుతోంది. కత్తి పక్కన పెట్టింది.

"నోరు పడిపోయిందా? నిజంగానా?"

"నిజంగానే."

"నేనే అన్నానే! ఆ చివరిసారి కిటికీలో తల దూర్చి 'నీ నోరు పడిపోను' అన్నాను. నువ్వే నా చెయ్యి పట్టి వెనక్కి లాగావు, ఊరుకోమ్మా, ఊరుకోమ్మా అంటూ. చూశావా మరి?"

అమ్మ పళ్లు కనపడేలా నవ్వింది. అన్నయ్యను తీసుకెళ్లాక అలా నవ్వడం ఇదే మొదటిసారి. నేనూ నవ్వాను. ఇద్దరం గిన్నెలు పట్టుకుని పిచ్చివాళ్లలా నవ్వుకున్నాం.

వదిన నవ్వలేదు. గుమ్మంలో నిలబడి, "ఆయనకు మాటొస్తే అడగొచ్చు కదా" అంది.

"ఏం అడుగుతావే?"

"ఉన్నాడో, లేడో. లేకపోతే ఎక్కడో."

అమ్మ మళ్లీ కత్తి అందుకుంది. "నేను పడగొట్టిన నోరు నా కూతురే లేపుతుందా? ఏం అక్కర్లేదు. అలాగే పడి ఉండనీ."

ఫిబ్రవరి 16

నా పద్ధతి చాలా సులువు. బల్ల మీద నీళ్ల గ్లాసు పెడతాను. రోగికి అందనంత దూరంలో. "ఇదేమిటి?" అంటాను. మొదటి శబ్దం నేనే అందిస్తాను. వాళ్లు తంటాలు పడతారు. కాసేపయ్యాక, చెప్పినా చెప్పకపోయినా, గ్లాసు ఇచ్చేస్తాను.

ఈయనకు మొదటి శబ్దం అందించలేదు. గ్లాసూ ఇవ్వలేదు.

"ఎవరూ లేరు, ఎవరూ లేరు" అంటూ ఎడమచెయ్యి చాపాడు. నేను నవ్వాను. ఎలా నవ్వాలో ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

"మంచి పని చేస్తున్నావమ్మా. గట్టిగా ఉండాలి. ఇంట్లో మేం గారం చేసి పాడుచేస్తున్నాం" అంది ఆయన భార్య. ఫ్లాస్కులో టీ తెచ్చింది, నా కోసమే.

తాగాను. టీ బాగుంది. అది కూడా రాసి పెట్టుకోవాలి.

ఫిబ్రవరి 20

ఈ రోజు కూడా ఇవ్వలేదు.

ఫిబ్రవరి 21

ఈ రోజు కూడా.

ఫిబ్రవరి 27

ఆవిడ ఆయన గురించి చెప్పడం మొదలుపెడితే ఆపదు. ఆయనకు పూలకుండీలంటే ప్రాణమట. చీమను కూడా తొక్కకుండా పక్కకు తప్పుకుని నడుస్తాడట. ఆఫీసులో అందరూ ఆయన ఓపికను ఎంతో మెచ్చుకునేవారట. "రోజూ వందలమంది వచ్చి ఏడుస్తుంటే, ఒక్కరిమీద కూడా గొంతు పెంచలేదమ్మా!"

నిజమే. పెంచలేదు.

వాడికంటే ఈవిడనే నేనెక్కువ అసహ్యించుకుంటున్నాననిపిస్తోంది. ఏ ఇంట్లో నిద్రపోయింది ఇన్నాళ్లూ? ఏ మంచం మీద?

ఆవిడ మాట్లాడుతుండగానే వెనక నుంచి వినపడింది: "నీ... నీ... నీళ్లు."

ఇద్దరం తిరిగి చూశాం. ఆయన మొహమంతా చెమట. నేనేమీ అందించకుండా, తనంతట తాను వెతికి పట్టుకున్నాడు ఆ మాటను. నా ఒళ్లు జలదరించింది. ఇన్నేళ్లుగా ఈ పని చేస్తున్నాను, ఎవరి నోటనైనా మొదటి మాట పుట్టినప్పుడు నా ఒళ్లు అలాగే జలదరిస్తుంది. "శభాష్!" అని అరిచేశాను. గ్లాసు తీసుకెళ్లి నేనే నోటికి అందించాను.

ఆ తర్వాత బాత్రూములోకి వెళ్లి చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నాను.

మార్చి 3

పెద్ద డాక్టరు పిలిపించాడు. ఆయన గదిలో ఇంకొకాయన కూర్చుని ఉన్నాడు. పేరు చెప్పలేదు, ఏ శాఖో చెప్పలేదు. కోటు జిప్పు పైకీ కిందికీ లాగుతూనే ఉన్నాడు.

"మీ పేషెంటుకు మాటలొస్తున్నాయని విన్నాం మేడమ్."

"ఒక మాట వచ్చింది."

"సంతోషం." జిప్పు పైకి. "ప్రాణానికేం భయం లేదు కదా? తింటున్నారు, నిద్రపోతున్నారు. ఈ వయసులో ఇంకేం కావాలి? తొందరేం లేదు."

"వైద్యం మొదట్లోనే చేయాలండీ. ఆలస్యమైతే..."

"ఆలస్యం కానివ్వండి." జిప్పు కిందికి. "పాపం, పెద్ద బాధ్యతలు మోసిన మనిషి. కొన్ని మాటలు పోతేనే ప్రశాంతంగా ఉంటారు. అర్థమవుతోందా?"

పెద్ద డాక్టరు కిటికీలోంచి పార్కింగు వైపు చూస్తున్నాడు. అక్కడేదో చాలా ముఖ్యమైనది జరుగుతున్నట్టు.

ఇకనుంచి ఒక మనిషి తోడుగా ఉంటాడన్నారు. ఆ మనిషి ఈయనే. మధ్యాహ్నానికల్లా నా గది బయట కుర్చీ వేసుకున్నాడు జిప్పాయన.

మార్చి 4

పొద్దున్నే లేచి కూర్చున్నాను.

నేనెంత తెలివితక్కువదాన్ని! వాడి నోరు పడిపోవడం మా పగ తీరినట్టు అనుకుని నవ్వుకున్నాం, అమ్మా నేనూ. వాళ్లకూ కావలసింది అదేనన్నమాట. వాడి నోట్లో ఏముందో దానికి వాళ్లు భయపడుతున్నారు.

నేను నీళ్లివ్వకుండా ఆడుకుంటున్నది వాళ్ల ఆటే.

వాళ్ల దగ్గర తుపాకులున్నాయి, జైళ్లున్నాయి. ఆ కిటికీ ఉంది. నాకు వచ్చిన పని ఒక్కటే, పోయిన మాటను తిరిగి తేవడం. తెస్తాను. వాడి నోటితోనే వాళ్ల కొంప ముంచుతాను.

అమ్మతో అన్నాను.  "బాగా నేర్పు అయితే. మధ్యలో వదిలేయకు" అంది.

మార్చి 9

ఆయన కుడిమెదడు బాగానే ఉంది. పాట ఉండేది అక్కడే. మాట రానివాళ్లు కూడా పాడగలరు. రాగం పట్టుకుని దాని వెనకే మాటను లాక్కురావచ్చు. ఆయన ఎడమచేతిని నా చేతిలోకి తీసుకుని ఒక్కో అక్షరానికీ బల్ల మీద తట్టిస్తాను. మూడే స్వరాలు, పిల్లలు ఎక్కాలు వల్లించినట్టు. నీ-ళ్లు-కా-వా-లి. త-లు-పు-తీ-యం-డి.

ఆ చెయ్యి పట్టుకోవాలి. తప్పదు. మెత్తగా ఉంటుంది, వెచ్చగా ఉంటుంది, అందరి చెయ్యిలాగే.

జిప్పాయన మొదటి రోజు తలుపు తీసి చూశాడు. "ఏమిటీ సంగీతం మేడమ్?"

"తొందరపడొద్దన్నారు కదా. పాటలతో కాలక్షేపం చేయిస్తున్నాను."

నవ్వుకుంటూ వెళ్లాడు. రెండో రోజు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. పాపం, మా పాట అంత ఘోరంగా ఉంది.

మార్చి 17

ఈ రోజు ఆయన భార్య రాలేదు. పంటి నొప్పట.

బల్ల మీద బొమ్మల కార్డులు పరిచాను. కప్పు, గొడుగు, కుక్క, తాళం, బస్సు. వాటి మధ్య అన్నయ్య ఫోటో పెట్టాను.

ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చి అక్కడ ఆగాడు. ఫోటోను, నన్ను, మళ్లీ ఫోటోను చూశాడు. ఇద్దరిదీ ఒకటే ముక్కు, చిన్నప్పటినుంచీ అందరూ అనేవాళ్లు.

"ఇతను బతికున్నాడా?" అడిగాను.

తలూపాడు. అవునని.

  బల్ల పట్టుకున్నాను. అప్పుడు, నా చదువంతా గుర్తొచ్చి, రెండో ప్రశ్న అడిగాను.

"చచ్చిపోయాడా?"

తలూపాడు. అవునని.

"మీరు గుర్రమా?"

తలూపాడు.

ఇలాంటి రోగుల అవునుకూ కాదుకూ విలువ లేదు. తల దాని ఇష్టం వచ్చినట్టు ఊగుతుంది. ఆ సంగతి విద్యార్థులకు నేనే పాఠం చెబుతాను. అయినా ఆ మొదటి తలూపుకూ రెండో ప్రశ్నకూ మధ్య నాకు అన్నయ్య ఉన్నాడు. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతున్నాడు.

మార్చి 18

వదినకు చెప్పలేదు.

మార్చి 29

బస్సు కార్డు మీద ఈ రోజు ఆగిపోయాడు. ముందుకు పోనన్నాడు. వేలితో దాన్నే పొడుస్తున్నాడు. చెయ్యి పట్టుకుని తట్టించాను. రాగం అందుకున్నాడు.

"బ-స్సు... బ-స్సు... ఆ-పా-డు."



ఎడమచేతిని నా చేతిలోంచి లాక్కుని కార్డుల్లో వెతికాడు. తాళం కార్డు తీశాడు. దాన్ని బల్ల అవతలికి విసిరేశాడు.

"న-ది" అన్నాడు.

నేను ఈయనకు అన్నయ్య గురించి ఒక్క ముక్క చెప్పలేదు. అన్నయ్య సిటీ బస్సు నడిపేవాడని గానీ, సైన్యం పట్టుకున్న కాలేజీ పిల్లల్ని బస్సులో నింపి వాళ్ల శిబిరానికి తోలమంటే వంతెన మధ్యలో బండి ఆపి, తాళాలు నదిలోకి విసిరేసి, తలుపులు తెరిచి "దిగి పరిగెత్తండర్రా" అన్నాడని గానీ. మరునాడు పొద్దున టిఫిన్ తింటుంటే వచ్చి తీసుకెళ్లారు. చెయ్యి కడుక్కోనివ్వలేదు.

అంటే, వాడికి అన్నీ తెలుసు. నేను వంగిన ప్రతిసారీ, అమ్మ వంగిన ప్రతిసారీ, వాడికి తెలుసు.

చాలా ప్రశాంతంగా కార్డులు సర్దాను. చాలా ప్రశాంతంగా ఉన్నాను.

ఏప్రిల్ 2

చెప్పాడు.

"ఎక్కడ?" అని అడిగాను, రాగంలోనే. ఎ-క్క-డ. బయట ఇయర్‌ఫోన్ల మనిషి వేళ్లతో తాళం వేసుకుంటున్నాడు, ఆయన పాట వేరే.

"ఇ... ఇ-టు-క. ఇ-టు-క బ-ట్టీ."

ఊరికి ఉత్తరాన మూతపడిన ఇటుక బట్టీ ఉంది. చుట్టూ ముళ్లకంచె వేశారు. నేల కుంగుతుంది, ప్రమాదం అని బోర్డు పెట్టారు.

"ఒక్కడేనా?"

"చా-లా. చా-లా-మం-ది." ఎడమ అరచేతిని గుండె మీద కొట్టుకున్నాడు. "నే-ను. పం-పా."

కన్నీళ్లు కారాయి. ఎడమకంట్లోంచీ, జారిపోయిన కుడికంట్లోంచీ. తుడవమని మొహం నా వైపు చాపాడు, భార్య దగ్గర అలవాటు కాబోలు. నేను తుడవలేదు. గడ్డం దాకా కారి ఆరిపోయేదాకా కూర్చుని చూశాను.

నాకు జాలి కలగలేదు.

వదిన వంటింట్లో ఉంది. వెనక నిలబడి చెప్పాను. వెనక్కి తిరగలేదు. స్టవ్ ఆపింది. "పాలు పొంగిపోతాయి" అంది. స్టవ్ మీద పాలు లేవు.

ఏప్రిల్ 5

వదినకూ నాకూ పెద్ద గొడవ.

"చోటు తెలిసింది. ఇంకా ఆయన దగ్గరికి దేనికి వెళ్తున్నావ్?"

"ఆయన మాట గట్టిపడాలి. పూర్తి వాక్యం రావాలి. రేపు ఎవరైనా అడిగితే సాక్ష్యం ఉండాలి కదా."

"ఎవరడుగుతారు? ఈ దేశంలో మనల్ని ఎవరడుగుతారు? నీ అన్న అక్కడ మట్టిలో ఉంటే నీకు వాక్యాలు కావాలా?"

నేను చెప్పింది నిజం కాదు. వదినకు తెలుసు, నాకూ తెలుసు. ఆ వాక్యం నాకు వేరే మనిషి కోసం కావాలి. పూలకుండీల గురించి చెప్పే మనిషి కోసం.

"వారం ఆగు వదినా. ఒక్క వారం."

ఏప్రిల్ 12

ఈ రోజు ఆవిడను లోపల కూర్చోబెట్టాను. "మీకొక సర్‌ప్రైజ్" అన్నాను. ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని స్కూలు వార్షికోత్సవానికి వచ్చిన తల్లిలా కూర్చుంది.

ఆయన చెయ్యి అందుకున్నాను. తట్టాను. ఆయన నా కళ్లలోకి చూశాడు. ఏం చేయిస్తున్నానో ఆయనకు తెలుసు. చెయ్యి వెనక్కి లాక్కోవచ్చు, లాక్కోలేదు. ఎందుకు లాక్కోలేదో నాకనవసరం.

"నే-నే-పం-పా-ను. ఇ-టు-క-బ-ట్టీ-కి. అం-ద-రూ-అ-క్క-డే. నే-నే-చం-పిం-చా-ను."

ఆవిడ చప్పట్లు కొట్టింది.

అన్ని మాటలు! ఒకదాని వెంట ఒకటి! "ఎన్ని మాటలండీ, ఎన్ని మాటలు!" అంటూ నాలుగైదుసార్లు చప్పట్లు కొట్టి, అప్పుడు ఆగింది. చేతులు గాల్లోనే ఉండిపోయాయి.

"ఏమంటున్నారు ఈయన?"

 ఆయన మళ్లీ పాడాడు, నేను తట్టకుండానే.

"ఏమంటున్నారమ్మా ఈయన?"

"మీకు అర్థమైంది."

"ఎవరు నువ్వు?"

"మీ ఆయన ఓపికను చూసినవాళ్లలో ఒకదాన్ని. మా అన్నయ్య కోసం ఆ కిటికీ దగ్గర వంగాను."

ఈ క్షణం కోసమే బతికాను. ఆ మొహం ఎలా విరిగిపోతుందో చూడాలని, ప్రతి గీతా గుర్తుపెట్టుకోవాలని. చూశాను. విరిగింది. ఆవిడ లేచి, కుర్చీ బ్రేకులు విప్పి, ఆయన్ను తోసుకుంటూ వెళ్లిపోయింది. జిప్పాయన లేచి, "అయిపోయిందా అమ్మగారూ?" అన్నాడు. ఆవిడ ఆగలేదు.

ఫ్లాస్కు బల్ల మీదే ఉండిపోయింది.

ఏప్రిల్ 13

ఎవరూ రాలేదు నన్ను పట్టుకోవడానికి. ఆవిడ చెప్పలేదన్నమాట. చెప్పి ఉంటే బాగుండేది. ద్వేషించడం తేలికగా ఉండేది.

ఏప్రిల్ 16

వదిన ఆ కిటికీ క్యూలో నిలబడే ఆడవాళ్లకు చెప్పింది. కూరగాయల దగ్గర ఒకరికి, కుళాయి దగ్గర ఒకరికి. అమ్మ డిపోకు వెళ్లింది, అన్నయ్యతో పనిచేసిన డ్రైవర్ల దగ్గరికి. వాళ్లు అమ్మను కుర్చీలో కూర్చోబెట్టారట, మంచినీళ్లిచ్చారట, నేల చూపులు చూశారట.

"పిరికి వెధవల్లారా, బండి తిప్పడం కూడా మర్చిపోయారా అని తిట్టొచ్చాను" అంది.

"ఏమన్నారు?"

"బుధవారం పొద్దున్నే రమ్మన్నారు."

ఏప్రిల్ 19

రూటు బోర్డులు తీసేసిన బస్సులు. ఒకటి కాదు, వరసగా. మొదటి ట్రిప్పు వేళకే బయల్దేరాయి. సీట్లలో అంతా ఆడవాళ్లు, ముసలాళ్లు, ఒళ్లో గునపాలు, పారలు. కొందరు మొక్కలకు వాడే చిన్న పారలు తెచ్చారు. ఒకావిడ అట్లకాడ తెచ్చింది. ఎవరూ నవ్వలేదు.

కంచె దగ్గర ఇద్దరు కాపలావాళ్లు. ఇంతమందిని చూసి ఫోన్లు తీశారు. అవతల ఎవరూ సరైన జవాబు చెప్పడం లేదు కాబోలు, "సార్, సార్" అంటూనే ఉన్నారు. ముందు బస్సు డ్రైవరు ఆపలేదు. కంచెను తొక్కుకుంటూ లోపలికి పోయాడు.

బట్టీ వెనక మట్టి మెత్తగా ఉంది. ఎక్కువ లోతు కూడా తవ్వలేదు వాళ్లు. అంత శ్రమ దేనికనుకున్నారు.

మొదటి కేక ఎవరిదో తెలియదు. తర్వాత కేకలు వినపడటం మానేశాయి. గునపాల చప్పుడొక్కటే.

వదిన అన్నయ్యను గుర్తుపట్టింది. బనియను అంచు చిరిగితే తెల్లదారం అయిపోయి ఆకుపచ్చ దారంతో కుట్టిందట, "ఇదేం కుట్టు, గడ్డి మొలిచినట్టుంది" అని అన్నయ్య వెక్కిరించాడట. ఆ కుట్టును రెండువేళ్ల మధ్య పట్టుకుని కూర్చుంది. "ఇదిగో" అంది. అంతే అంది.

అమ్మ పక్కన కూలబడి అన్నయ్య మీద మట్టిని చేత్తో తుడుస్తోంది, నిద్రలేపుతున్నట్టు.

అప్పుడు చూశాను, బస్సుల వెనకనుంచి నడిచొస్తున్న ఆవిణ్ని. నవ్వులాయన భార్యను. జుట్టు రేగిపోయి ఉంది. నా ముందుకొచ్చి నిలబడింది.

"ఆయన రోజంతా అదే పాడుతుండేవారు. అన్నం తింటూ, అద్దం ముందు. వీధిలోకి వినపడింది. నిన్న వచ్చి తీసుకుపోయారు." చేతులు చాపి, "నాకొక పార ఇస్తావా?" అంది.

నా చేతిలో పార ఉంది. గట్టిగా పట్టుకున్నాను.

"ఎవరే?" అంది అమ్మ, తలెత్తకుండా.

"వాడి పెళ్లాం."

అమ్మ లేచింది. ఆవిణ్ని పైనుంచి కిందిదాకా చూసింది. కొడుతుందనుకున్నాను. కొట్టాలని కోరుకున్నాను. తన పార తీసి ఆవిడ చేతిలో పెట్టింది.

"తవ్వు. మొగుడు పూడ్చింది పెళ్లాం తవ్వాలి. అదిగో, ఆ మూల ఇంకా ఎవరూ ముట్టుకోలేదు."

మధ్యాహ్నం దాకా తవ్వింది. అలవాటు లేని చేతులు, తొక్క లేచి నెత్తురొచ్చింది. ఎవరో గుడ్డ ఇవ్వబోతే వద్దంది. నేను చూస్తూనే ఉన్నాను. నాకేం అనిపించిందో రాయాలని కూర్చున్నాను గానీ రావడం లేదు.

ట్రక్కులు వచ్చేసరికి ఎండలో వరసగా పడుకోబెట్టేశాం అందరినీ. సైనికులు దిగారు. కుర్రాళ్లు. అధికారి "చెదిరిపొండి" అని మైకులో అరుస్తున్నాడు. ఒక కుర్ర సైనికుడు టోపీ తీశాడు. అధికారి చూసి తిట్టాడు. మళ్లీ పెట్టుకున్నాడు. నేను చూశాను, తీశాడు.

ఏప్రిల్ 20

అన్నయ్యను పాతిపెట్టాం. మా చేతులతో, మా చోట.

జూన్ 23

కుడిచేతి వేళ్లు రెండు ఇంకా వంగడం లేదు. అందుకే అక్షరాలు ఇలా ఉన్నాయి.

అన్నయ్యను పాతిపెట్టాక నన్నూ తీసుకెళ్లారు. లోపల జరిగింది రాయను. ఒక్కటి మాత్రం. జిప్పాయన అడిగాడు, "ఆ మాటలు ఎవరు నేర్పారు ఆయనకు?" "నేనే" అన్నాను. "ఎందుకు?" "మీరు నాకు జీతమిచ్చేది దానికే కదండీ" అన్నాను. వేళ్లు అప్పుడే విరిగాయి. అన్నందుకు చింత లేదు.

విడిచిపెట్టారు. ఎందుకో చెప్పలేదు. తీసుకెళ్లినప్పుడూ చెప్పలేదు. ఆ భవనం ముందు ఆడవాళ్లు రోజూ కూర్చుంటున్నారని, ఇప్పుడు ఎవరూ కిటికీ దగ్గర వంగడం లేదని వదిన చెప్పింది. ఉద్యోగం పోయింది. టీవీలో, ఆ బట్టీలోవి పాత కలరా రోగుల ఎముకలని, అదంతా ఒక మతి పోయిన రోగి వాగుడని చెబుతున్నారట. అమ్మ టీవీకి దుప్పటి కప్పేసింది.

జూన్ 30

తలుపు తీస్తే ఆవిడ.

అమ్మ లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. ఆవిడ గుమ్మంలోనే నిలబడి చెప్పింది. ఆయన్ను తిరిగి ఇంటికి పంపేశారట. పిచ్చివాడని కాగితం చేతిలో పెట్టి. అక్కడ మళ్లీ స్ట్రోక్ వచ్చిందో, ఏం చేశారో తెలియదు. ఇప్పుడు ఒక్క మాటా లేదు, పాత ముక్క కూడా. కానీ బల్ల కనపడితే ఎడమచేత్తో తడుతున్నాడట. తడుతూ ఎదురుచూస్తున్నాడట.

"నీ ముందు ఏ మొహం పెట్టుకుని అడగాలో తెలియదు" అంది. "ఒక్కసారి వస్తావా?"

"ఏం, మళ్లీ పూలకుండీల గురించి మాట్లాడించాలా?"

దెబ్బ తగిలినట్టు కళ్లు మూసుకుంది. అలా మూసుకోవడం నాకు నచ్చింది. ఇప్పటికీ నచ్చుతుంది, దాచుకోను.

"కాదు" అంది. "ఆ మూల నేను తవ్విన దగ్గర ఎవరూ దొరకలేదు. క్యూలో వాళ్లలో చాలామందికి తమవాళ్లు దొరకలేదట. బట్టీ ఒక్కటే కాదేమో. ఆయనకు తెలిసే ఉంటుంది. నేను అడిగితే తడుతున్నారే తప్ప, నాకు ఆ రాగం రావడం లేదు."

తలుపు వేసేశాను. మొహం మీదే.

వదిన గోడకానుకుని నిలబడి ఉంది. "వెళ్తావా?" అంది. పక్క వీధి టైలరు కొడుకు, పైవాటా నర్సు చెల్లెలు, వంతెన మీద అన్నయ్య దింపేసినా రెండో రోజు దొరికిపోయిన ఆ కాలేజీ పిల్లలు. వదిన ఎవరి పేరూ చెప్పలేదు. నేనే లెక్కవేసుకుంటున్నాను.

రేపు వెళ్తాను. జాలి కాదు. వాడు కోలుకోవాలని కాదు. వాడు బతకాలి, నోరు విప్పాలి, ఒక్కొక్కరినీ కక్కాలి. వాడి నోట్లో ఇంకా మనుషులున్నారు.

వేళ్లు వంగకపోయినా పర్లేదు. తట్టడానికి అరచెయ్యి చాలు.